జర్మనీ అడవిల కట్టెలకు ఏ చేతిరంపం కొనాలె

జర్మనీకి నర్సు ఉద్యోగం మీద వచ్చిన మనోళ్ళల్ల కొందరికి నా లెక్కనే చిన్న ఊరి హాస్పిటల్ పడ్తది, అద్దె ఇంట్ల గ్యాస్ హీటింగ్‌తోని పాటు హాల్ల ఇనుప కట్టెల పొయ్యి కూడా ఉంటే దాన్ని షోకు సామాన్ అనుకోకుండ్రి. 2022ల రష్యా గ్యాస్ బంద్ అయినప్పుడు బిల్లులకు భయపడి ఇక్కడోళ్ళే కట్టెల కోసం ఎగబడ్డరు, ఇగ మనం ఇంటికి పైసలు పంపుకునేటోళ్ళం, మనకెంత భారమో చెప్పక్కర్లేదు.

దక్షిణ జర్మనీల కొండల ప్రాంతమైన మా ష్వేబిషె ఆల్బ్ దిక్కు అడవిల కిందపడ్డ కట్టె ఏరుకోవాలంటే లేజెషైన్ అనే పర్మిట్ కాగితం తీసుకోవాలె. ఎంత మందం కట్టె దాకా తీసుకోవచ్చు, ఏ ఏరియాల ఏరాలె అనేది ఒక్కో అటవీ ఆఫీసుకు ఒక్కో తీరు, ముందే అడగండి. చైన్‌సా, అంటే మోటరు రంపం పట్టుకుపోవాలంటే మాత్రం సాధారణంగా 2 రోజుల కోర్సు చేసిన సర్టిఫికెట్ అడుగుతరు, హెల్మెట్, కోతపడని ప్యాంటు, బూట్లు అన్నీ కొనాలె. సన్న కట్టెకు అదంతా ఎందుకు, మంచి చేతిరంపం చాలు. నైట్ షిఫ్టుల పేషెంట్లను లేపి లేపి నడుములు, మణికట్లు ముందే అరిగిపోయి ఉంటయి మనకు, అందుకే రంపం ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు చేతిని చూసుకోవాలె అంటాను నేను.

మణికట్టు మందం లోపు కట్టెకు మడత రంపం. జపాన్ వాళ్ళ సిల్కీ గోంబాయ్ 240 మిల్లీమీటర్లది నాకు బాగా నచ్చింది, ఇది గుంజినప్పుడే కోస్తది, గుంజేటప్పుడు బ్లేడ్ నిటారుగ సాగి ఉంటది కాబట్టి సన్నగ చేయొచ్చు, సన్నగ ఉంటే పొట్టు తక్కువ, కష్టం తక్కువ. కానీ ముందుకు నెట్టేటప్పుడు బలం పెడితే వంగిపోతది, నెట్టి కోసే అలవాటున్నోళ్ళు జాగ్రత్త. స్వీడన్ బ్రాండ్ బాకో ల్యాప్‌లాండర్ 190 మిల్లీమీటర్లది చిన్నది, చవక, నెట్టినా గుంజినా కోస్తది, కొమ్మలకు సరిపోతది.

అంతకంటే లావు కట్టెకు విల్లు లెక్క ఫ్రేమ్ ఉండే బో సా, 24 అంగుళాలది తీసుకోండి. ఇందుల అసలు విషయం బ్లేడ్. ఎండు కట్టె బ్లేడ్‌కు మామూలు త్రికోణం పళ్ళే వరసగ ఉంటయి. పచ్చి కట్టె బ్లేడ్‌కు మధ్య మధ్యల చీలిన పన్ను ఒకటి ఉంటది, అది తడి పీచును బయటికి లాగేస్తది. ఎండు బ్లేడ్‌తోని పచ్చి బీచ్ (ఇక్కడి గట్టి కట్టె చెట్టు) కోస్తే పొట్టు ఇరుక్కొని చేతులు పడిపోతయి. బాకోల 51 నంబర్ ఎండుకు, 23 నంబర్ పచ్చికి. ఫ్రేమ్‌తోని ఒకటే బ్లేడ్ వస్తది, ఏదో చూసి రెండోది విడిగ కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. పళ్ళ కొనలు నల్లగ ఉంటే వేడితోని గట్టిపరిచినవి, ఆకురాయితో నూరరాదు, మొద్దుబారితే మార్చుడే.

రంపం ఎంత మంచిదైనా కట్టె బిగబట్టిందంటే కదలదు. రెండు కొసలు పైన ఆని మధ్యల గాలిల ఉన్న కట్టెను పైనుంచి కోస్తే బరువుకు కోత మూసుకొని బ్లేడ్‌ను పట్టేస్తది. పైన కొంచెం కోసి ఆపి మిగతాది కిందికెళ్ళి కోయాలె, లేదా కోసే జాగకు దగ్గర ఏదన్న ఆసరా పెట్టాలె. ఒక కొస గాలిల వేలాడ్తుంటే ఉల్టా, ముందు కింద కొంచెం కోసి తర్వాత పైనుంచి, లేకపోతే కట్టె చీలుతది.

నిలబడి ఎండిన చెట్ల జోలికి అస్సలు పోకండి, 2018 తర్వాత కరువుకు, బెరడు పురుగుకు స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్లు విపరీతంగ ఎండిపోయినయి, గాలికి పైకొమ్మ ఎప్పుడు పడ్తదో తెల్వదు. ఒక్కరే పోకండి. స్ప్రూస్ బంక బ్లేడ్‌కు అంటితే కొంచెం వంటనూనెతో తుడిచి పెట్టుకోండి.

అడవిల మీటర్ లెక్కన కోసుకొని, ఇంటికాడ ఆసరా స్టాండ్ మీద పొయ్యి సైజుకు కోసుకుంటే నడుము బతుకుతది. పచ్చి కట్టె కాల్చరాదు, ఇక్కడి చట్టం ప్రకారం తేమ 25 శాతం లోపే ఉండాలె, అందుకే ఈ ఎండాకాలం కోసింది ఈ చలికాలానికే అని లెక్కపెట్టుకోకండి, బీచ్ అయితే రెండేండ్లు గాలి తగిలే షెడ్డుల పేర్చాలె.

మొదటిసారి ఒక్కటే కొనాలంటే మడత రంపం కొనండి, బ్యాగుల పడ్తది, సైకిల్ మీద పోవచ్చు. లావు కట్టె పర్మిట్ చేతికొచ్చినంక బో సా చూసుకోవచ్చు.