దర్శనానికా, షికారుకా? బెజవాడలో కొండ నుంచి ద్వీపం దాకా

పర్యాటకం మీద పరిశోధన చేసేవాళ్లు బెజవాడ వస్తే ముందు పండిట్ నెహ్రూ బస్టాండులో ఓ గంట నిలబడాలి. ఆదివారం పొద్దున్నే తెనాలి, గుంటూరు, ఏలూరు బస్సుల్లోంచి దిగేవాళ్లలో సూట్‌కేసులున్నవాళ్లు తక్కువ. స్టీలు క్యారియర్లు, నీళ్ల సీసాలు, చంకలో పిల్లలు ఉన్నవాళ్లే ఎక్కువ. మేం అక్కణ్ణుంచి బయల్దేరి దుర్గమ్మ కొండ, ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం వరసగా తిరిగాం. గుళ్లూ గుహలూ ఎప్పుడూ ఉండేవే. ఈసారి చూపంతా వాటిని చూడ్డానికొచ్చిన జనం మీద.

ఈ క్యారియర్ల జనం చాలా లెక్కల్లో కనపడరు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నిర్వచనం ప్రకారం రోజూ తిరిగే పరిధి దాటి, ఏడాదిలోపు కాలానికి, వెళ్లిన చోట కొలువు కోసం కాకుండా వెళ్లినవారు సందర్శకులు. అందులో కనీసం ఓ రాత్రి బస చేస్తేనే పర్యాటకులు. సాయంత్రానికి ఇంటికి చేరితే పగటి సందర్శకులు, అంతే. మన దేశపు లెక్కల్లో హోటలుతో పాటు సత్రంలో దిగినవాళ్లనూ కలుపుతారు, అది మంచిదే. కానీ మేనత్త ఇంట్లో పడుకుని, ఏ చోటూ చూడకుండా, పెళ్లి మాత్రం చూసుకుని వెళ్లినవాళ్లను కలపరు. ఇక తెనాలి నుంచి పొద్దున వచ్చి రాత్రికి వెళ్లే కుటుంబం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఊళ్లో ఆటోలకూ టిఫిన్ సెంటర్లకూ గిరాకీ తెచ్చేదీ, ఘాట్ల దగ్గర చెత్తబుట్టలు నింపేదీ మాత్రం వీళ్లే. హోటల్ గదుల లెక్క ఆధారంగా ఈ ఊరికి పర్యాటక ప్రణాళిక రాస్తే అది ఎందుకూ పనికిరాదని నా నమ్మకం.

వచ్చినవాళ్లను సర్వే ప్రశ్నలు అడగడానికి కొండ దగ్గర ఎక్కడ నిలబడాలన్నది మొదటి సమస్య. పైకి వెళ్లేవాళ్లను ఆపితే ఎవరూ ఆగరు, ఆగినా మనసంతా క్యూ మీదే ఉంటుంది. దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లం చేతికొచ్చాక, చెప్పులు వేసుకునే చోట అడిగితే నింపాదిగా చెబుతారు. ఎదురుపడ్డవాళ్లందర్నీ అడక్కూడదు. అలా అడిగితే మనకు తెలియకుండానే నవ్వు మొహాలను, చదువుకున్నట్టు కనిపించేవాళ్లను ఏరుకుంటాం. ఓ గీత అనుకుని, ఆ గీత దాటిన ప్రతి పదో మనిషినీ అడగాలి. కాదంటే ఆ సంగతి రాసుకుని, మళ్లీ పది లెక్కపెట్టాలి. ఎంతమంది కాదన్నారో రాసుకోని సర్వేను నమ్మలేం.

పదోవాడు ఒంటరిగా దొరకడు, ఎనిమిది మంది గుంపులో ఉంటాడు. అలాంటప్పుడు 'ఈ మధ్య పుట్టినరోజు జరిగినవాళ్లు ఎవరు' అని అడిగి, వాళ్లతో మాట్లాడమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ తెలీదు, ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంటుంది. అంతకన్నా చీటీ తీయించడం నయం. ఆ పని చేయకపోతే ప్రతిసారీ ఇంటాయనే జవాబు చెబుతాడు.

ఫారంలో అందరూ పప్పులో కాలేసే ప్రశ్న ఒకటుంది: 'మీ రాకకు ప్రధాన ఉద్దేశం?' కింద తీర్థయాత్ర, విహారం, బంధువులు, వైద్యం, షాపింగ్ అని గళ్లు. ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో సంభాషణ ఇలా నడిచింది.

"దేనికొచ్చారు పిన్నిగారూ?"

"అమ్మవారి దర్శనానికే బాబూ."

"ఇంకెక్కడికైనా వెళ్తున్నారా?"

"పిల్లలు పడవెక్కుతామంటున్నారు. అట్నుంచటే మా చెల్లెల్ని ఆస్పత్రిలో చూసి, బీసెంట్ రోడ్డులో రెండు జాకెట్ గుడ్డలు తీసుకుని పోతాం."

నాలుగు గళ్లు నిండాయి. మానవ శాస్త్రవేత్తలు విక్టర్ టర్నర్, ఈడిత్ టర్నర్ దంపతులు 1978లోనే రాశారు, యాత్రికుడు సగం పర్యాటకుడైతే పర్యాటకుడు సగం యాత్రికుడేనని. అయినా ఫారాలు మారలేదు. కేంద్ర ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి చేసే జాతీయ నమూనా సర్వే 72వ విడతలో (2014 జూలై నుంచి 2015 జూన్ దాకా) కూడా ప్రయాణాలను ప్రధాన ఉద్దేశాన్ని బట్టే విడగొట్టారు. విహారం, వైద్యం, షాపింగ్ కోసం చేసిన రాత్రి బస ప్రయాణాలకు గడిచిన 365 రోజులు, తక్కినవాటికి 30 రోజులు గుర్తు చేసుకోమన్నారు. అంటే ఏ గడిలో టిక్కు పడిందన్నదాన్ని బట్టి ఆ ప్రయాణం లెక్కలో ఉంటుందా ఊడిపోతుందా అన్నది కూడా తేలుతుంది. పైగా గుడి మెట్ల మీద నిలబెట్టి అడిగితే 'షికారుకొచ్చాం' అనడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది? అందుకని ఉద్దేశం అడగడం మానేసి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడికి వెళ్లారు, ఒక్కోచోట ఎంతసేపున్నారు, ఎంత ఖర్చయింది అని వరసగా అడిగితే అసలు చిత్రం వస్తుంది. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

ఈ వరస అడగడం వల్ల ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వేలో తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా రోజును కొలిచారు. షికారు రోజును అదే పద్ధతిలో రాస్తే, ఇంటాయన రోజు బస్సెక్కడంతో మొదలవుతుంది. ఇల్లాలి రోజు పులిహోరకు తాలింపు పెట్టడంతో మొదలవుతుంది. ద్వీపం మీద చెట్టు కింద అందరూ కూర్చున్నాక కూడా ఆవిడ వడ్డిస్తూ, చిన్నవాడి చేయి కడుగుతూ, గిన్నెలు సర్దుతూ ఉంటుంది. ఫారంలో ఆ మూడు గంటలూ 'విశ్రాంతి' అని పడిపోతాయి. 'అదే సమయంలో ఇంకేం చేస్తున్నారు' అని పక్కన ఇంకో గడి పెట్టకపోతే ఈ పని లెక్కకే రాదు.

బ్యారేజీ మీద పెద్ద పనిలేదు. 1957లో పూర్తయిన కట్టడం, 70 గేట్లు, కిలోమీటరు పైచిలుకు పొడవు. గేట్లెత్తిన రోజు నీళ్లు చూడ్డానికి ఊరంతా వస్తుంది. ఈ జనాన్ని లెక్కపెట్టడం దండగ, ఎందుకంటే పనిమీద దాటేవాడూ గాలికోసం ఆగేవాడూ ఒకటే దారిలో ఉంటారు. రెండు నిమిషాలకు మించి పిట్టగోడ దగ్గర నిలబడ్డవాళ్లను మాత్రం రాసుకోవచ్చు.

సీతానగరం మీదుగా ఉండవల్లి వెళ్తే అసలైన కొలతల పని మొదలవుతుంది. నాలుగు అంతస్తుల రాతి గుహ, విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. పైన పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి, వరండాలో కూర్చున్న రాతి మునులు, ఎదురుగా పచ్చటి పొలాలు. పురావస్తు శాఖ టికెట్ల లెక్క ఉంటుంది కదా, దాన్నే తీసుకుంటే సరిపోదా అంటారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. బడిపిల్లల బస్సులు రెండొస్తే లోపల వంద మంది పెరుగుతారు, కౌంటరులో మాత్రం నలుగురు మాస్టార్లే కనపడతారు.

ఓ చోటు ఎంతమందిని పట్టగలదో తేల్చడానికి 1992లో సిఫుయెంటెస్ అనే పరిశోధకుడు కోస్టారికాలో పెట్టిన మూడంచెల పద్ధతి ఇప్పటికీ చాలామంది వాడేది. మొదటి అంచె మామూలు గుణకారం. మాటవరసకు నిలబడగల చోటు 120 చదరపు మీటర్లు, మనిషికి రెండు చొప్పున అనుకుంటే ఒకేసారి 60 మంది. తెరిచి ఉండేది 8 గంటలు, ఒక్కొక్కరు 20 నిమిషాలుంటే 24 విడతలు, అంటే రోజుకి 1,440 మంది. రెండో అంచెలో మెట్ల ఇరుకు, మిట్టమధ్యాహ్నపు ఎండ, వాన లాంటి అడ్డంకులకు తగ్గించాలి. మూడో అంచెలో కాపలాకు ఎంతమంది ఉన్నారో చూసి ఇంకా తగ్గించాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, జనం గుహంతా సమంగా పరుచుకుంటారని లెక్క అనుకుంటుంది. అందరూ స్వామి ముందరి ఆ చీకటి గదిలోనే గుమిగూడతారు, కింది అంతస్తు బోసిగా ఉంటుంది. కాబట్టి కొలవాల్సింది ఆ ఒక్క గదిని, దానికి చేరే మెట్లను.

మునుల విగ్రహాల దగ్గర కాసేపు కూర్చుంటే సామాజిక శాస్త్రవేత్త జాన్ అరీ 1990లో పర్యాటకుల చూపు గురించి చెప్పింది, అంటే బొమ్మల్లో ముందే చూసినదాన్నే వెతుక్కుంటారన్నది, కళ్లముందే జరుగుతుంది. ఫోన్లో ముందే చూసిన కోణాన్నే వెతుక్కుంటారు. ఒకమ్మాయి ముని పక్కన బాసింపట్టు వేసి కూర్చుంటే, తమ్ముడు వెనక్కీ ముందుకీ జరుగుతూ పొలాలు కూడా వచ్చేలా సర్దుకుంటున్నాడు. తీసింది నచ్చక ఆరుసార్లు తీయించింది. శిల్పం మొహం మాత్రం ఇద్దరూ చూడలేదు.

భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్ నుంచి పడవ. 133 ఎకరాల ద్వీపం, నది మధ్యలో. లెక్కకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు, పడవ తప్ప దారి లేదు కాబట్టి. వెళ్లేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఒకే మనిషి నొక్కుడు యంత్రంతో లెక్కపెడితే అంకె రెట్టింపవుతుంది, ఇద్దరుండాలి. పడవ కదిలిన టైము, తిరిగొచ్చిన టైము రాసుకుంటే ఎంతసేపు ఉన్నారో ఎవర్నీ అడక్కుండానే వస్తుంది. గుంపులో ఒకరి చొక్కా రంగు రాసుకుంటే తిరుగు పడవలో గుర్తుపట్టడం తేలిక.

పర్యాటక స్థలం కూడా పుట్టి, పెరిగి, ముదిరి, వాడిపోతుందని భూగోళ శాస్త్రవేత్త బట్లర్ 1980లో గీసిన వంపు గీత తెలియని విద్యార్థి ఉండడు. ఆ గీతను ఈ ద్వీపానికి అంటించడం నాకు సబబుగా తోచదు. ఇక్కడ కాలం మీద పెత్తనం కృష్ణమ్మది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత నీళ్లొచ్చాక ఆటవస్తువులూ, బాటలూ, గుడిసెలూ మళ్లీ మొదట్నుంచీ కట్టుకోవాలి. జనం మొహం మొత్తి మానేశారా, పడవలు ఆగి మానేశారా అన్నది పక్కన బ్యారేజీకి వచ్చే నీటి (ఇన్‌ఫ్లో) అంకెలు పెట్టుకోకుండా చెప్పలేం.

సర్వేకి వచ్చేవాళ్లు కార్తీకంలో రండి. వనభోజనాల ఆదివారాల్లో ద్వీపం కిటకిటలాడుతుంది, ఉసిరిచెట్టు కింద ఒక కులసంఘం, పక్క చెట్టు కింద ఒక ఆఫీసు సిబ్బంది, ఆ పక్కన ఒక అపార్టుమెంటు. వాళ్లను మనిషి లెక్కన కాక గుంపు లెక్కన తీసుకోవాలి, ఖర్చు పెట్టింది చందాల డబ్బు కాబట్టి. ఖర్చు ప్రశ్న చందాలు వసూలు చేసినాయన్నే అడగండి, అదీ భోజనాలయ్యాకే.