గ్రాముకి పది రూపాయలు

మా ల్యాబులో చిన్న డిజిటల్ కాటా ఒకటుంది. నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల గుంటల నుంచి రైతులు సీసాల్లో నీళ్లు, క్యారీబ్యాగుల్లో రొయ్యలు పట్టుకొస్తారు. నీళ్లలో ఉప్పెంత, అమ్మోనియా ఎంత చూసి చెప్పడం, రొయ్య సగటు బరువు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) తీయడం నా ఉద్యోగం. పోయినేడాది ఆ కాటా మీద రొయ్యలకన్నా సైకిల్ సామాన్లే ఎక్కువ తూచాను. మా ఓనరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒక్కరోజు మాత్రం "సీటు కౌంటు ఎంతొచ్చిందబ్బా?" అన్నాడు.

అంతకుముందు నాకున్నది ముందు షాకబ్జార్బర్లున్న గేరు సైకిల్. పదిహేనున్నర కిలోలు. లిఫ్టు లేని మూడో అంతస్తుకి దాన్ని రోజూ భుజాన మోసేవాణ్ణి. ఆదివారాలు మైపాడు దాకా పాతిక కిలోమీటర్లు వెళ్లేటప్పుడు ఆ బరువు పెద్దగా తెలిసేది కాదు. బల్లపరుపు రోడ్డు, ఒకసారి వేగం అందుకున్నాక మనల్ని ఆపేది గాలేగానీ బరువు కాదు. నరసింహకొండ ఎక్కిన రోజు తెలిసింది. గుడి దాకా పోకుండానే దిగి నడిపించుకుపోయాను. పక్కనే ఆటోలో పోతున్న పెళ్లివాళ్లు చెయ్యూపారు.

సన్నటి టైర్లతో తేలిగ్గా ఉండే కొత్త రోడ్డు సైకిల్ కొందామంటే, నాకు నచ్చినవన్నీ లక్ష దగ్గరే మొదలయ్యాయి. నా దగ్గరున్నది యాభై వేలు. సరే, ముక్కలుగా కొని నేనే బిగించుకుందామనుకున్నాను.

మొదట ఒక లెక్క పెట్టుకున్నాను. ఏ వస్తువుకైనా చవకరకం ఒకటి, దానికన్నా తేలికైనది ఒకటి ఉంటాయి. ధరలో తేడాని బరువులో తేడాతో భాగిస్తే గ్రాము తగ్గించుకోడానికి ఎంత పడుతుందో తెలుస్తుంది. పది రూపాయలు దాటితే వద్దు. సీటుకి ఏడు రూపాయలొచ్చింది, కొన్నాను. కార్బన్ ఫైబర్ హ్యాండిల్ బార్‌కి తొంభై వచ్చింది. అల్యూమినియందే చాలనుకున్నాను. బ్రేకులు మాత్రం ఈ లెక్కలోకి తేలేదు. వాటికి ఏం పెట్టాలో అది పెట్టాను. పెద్ద పోటీల్లో 6.8 కిలోలకన్నా తేలికైన సైకిల్‌ని అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యుసిఐ ఒప్పుకోదు. నాకా బెంగ రానేలేదనుకోండి.

ఫ్రేము చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. 6061 రకం అల్యూమినియం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కార్బన్, రెండూ కలిపి తొమ్మిది వేలు. స్టీలు ఫ్రేము మీద మనసు లేకపోలేదు, సన్నటి గొట్టాలతో ఎంతో అందంగా ఉంటుంది. కానీ నేను తిరిగేది ఉప్పుగాలిలో. గుంటల దగ్గర మోటార్లకి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల బోల్టులకి పట్టే తుప్పు రోజూ చూసేవాణ్ణి. అల్యూమినియం కూడా ఊరుకోదు, స్టీలు బోల్టు తగిలినచోట తెల్లటి పొడి కడుతుంది. అందుకే బిగించే ప్రతి మరకీ, సీటు గొట్టానికీ గ్రీజు రాయాలి. లేకపోతే కొన్నాళ్లకి గొట్టం ఫ్రేములోనే ఇరుక్కుపోవచ్చు. కొనేముందు సీటు గొట్టం కదులుతోందా, వెల్డింగుల దగ్గర పగుళ్లున్నాయా చూసుకున్నాను. ఫోర్కుని రూపాయి బిళ్లతో పైనుంచి కిందిదాకా కొట్టి విన్నాను. ఎక్కడైనా శబ్దం మొద్దుగా వస్తే అనుమానించాలట. అంతా ఒకేలా మోగింది. బోగీలో ఆ ఫ్రేముని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే గూడూరు దాటేలోపు నలుగురడిగారు, చక్రాలేవని.

ల్యాబు కాటా ఫ్రేముని మోయలేదు. రొయ్యలు కొనేవాళ్ల వేలాడే కాటాకి తగిలిస్తే ఫోర్కుతో కలిపి రెండు కిలోలకి ఒక ముప్పై గ్రాములు తక్కువుంది.

బిగింపు మొదటిరోజే చిక్కొచ్చింది. పెడల్ ఇరుసు కూర్చునే కప్పులు రెండుంటాయి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. కుడి కప్పు పెట్టి మామూలుగా బిగించే వైపే తిప్పుతున్నాను. మొదటి మర కూడా పట్టలేదు. ఇంకాస్త గట్టిగా తిప్పితే చిన్న వెండి తీగలాంటి ముక్క చుట్టుకుంటూ బయటికొచ్చింది. అల్యూమినియం తీగ. అంటే ఫ్రేము మర తెగుతోందన్నమాట. తొమ్మిది వేలు కళ్లముందు తిరిగాయి. స్పానర్ కిందపెట్టేశాను.

మరుసటిరోజు ఫ్రేము భుజానేసుకుని స్టోన్‌హౌస్‌పేటలో మా నాన్న సైకిల్ బాగుచేసిన పెద్దాయన దగ్గరికెళ్లాను. ఆయన జన్మలో కార్బన్ ముట్టుకోలేదు. ఫ్రేము ఒక చేత్తో లేపి చూసి, "ఏందబ్బయ్యా, లోపల ఏమీ లేదా?" అన్నాడు. కప్పు చూపించాను. అరనిమిషం కూడా పట్టలేదు.

"కుడి పక్కది ఎడం మర గదా. ఇట్టా తిప్పాల," అని గడియారానికి ఎదురుదిక్కున వేలు తిప్పాడు. "శానావాటికి అంతే. మీ నాయన హెర్క్యులెస్‌కీ అంతే ఉండాది. మామూలు మర పెడితే తొక్కేకొద్దీ అదే ఊడొచ్చేస్తాది."

తర్వాత చదివితే తెలిసింది, పాల క్యాన్లు మోసే సైకిళ్లలో వాడిన మరే ఇప్పటికీ చాలా రోడ్డు సైకిళ్లలో ఉందని. అంగుళానికి 24 చుట్లు. బేరింగు తిరిగే తీరుకి కప్పు మెల్లమెల్లగా ఎదురుదిక్కున జరుగుతుంది, అది బిగిసే వైపే జరగాలని కుడిపక్కకి ఎడమ మర పెట్టారు. ఇంజినీరింగ్ చదివిన మా బావమరిది నాకు ముందురోజు ఫోనులో చెప్పింది మాత్రం "ఇంకొంచెం గట్టిగా తిప్పు బావా" అని. పెద్దాయన మర శుభ్రం చేసి, గ్రీజు దట్టించి, మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాడు. వేళ్లతో తిరగనిది స్పానర్‌తో తిప్పకూడదని అప్పుడే నేర్చుకున్నాను. డబ్బులు వద్దన్నాడు, టీ తాగాడు.

బ్రేకులు, హ్యాండిల్ బార్, దాన్ని ఫోర్కుకి కలిపే స్టెమ్ రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. చైను కొలత సులువు. గేరు మారినప్పుడు చైనుని పక్కకి జరిపే డిరైలర్‌లో దూర్చకుండా, ముందు పెద్ద పళ్లచక్రానికీ వెనక పెద్ద పళ్లచక్రానికీ చుట్టి, కలిసినచోటికి ఒక అంగుళం అదనంగా ఉంచి తెంపాలి. చైను పొట్టిగా తెంపి ఆ రెండు పెద్ద పళ్లచక్రాల మీదికి ఎక్కిస్తే డిరైలర్ విరగొచ్చు, పొడుగ్గా తెంపినదాన్ని మళ్లీ కురచ చెయ్యొచ్చు. గేరు కేబుల్ తొడుగు, బ్రేకు తొడుగు ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. బ్రేకుది స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, గేరుది నిలువు తీగలతో ఉంటుంది. గేరు తొడుగుని బ్రేకుకి వేస్తే ఒక్కసారి గట్టిగా పిండినప్పుడు పగిలిపోవచ్చు.

అసలు దెబ్బ గేర్ల దగ్గర తిన్నాను. షిఫ్టర్లు, అంటే హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీటలు, టియాగ్రా 4700 రకం, వెనక డిరైలర్ దానికి ముందుతరం 105 రకం. రెండూ షిమానో కంపెనీవే, రెండూ పది గేర్లవే, ఇంకేం చూడాలి అనుకున్నాను. మూడు సాయంత్రాలు సర్దాను. కింది మూడు గేర్లు పడితే పైవి పడవు, పైవి సరిచేస్తే మధ్యవి రెండేసి దూకుతాయి. డిరైలర్ తగిలించే హ్యాంగర్ వంగిందేమోనని చూశాను, కేబుల్ మార్చాను. మా ఆవిడ వచ్చి, "అది పాడైందా, నువ్వు పాడుచేశావా?" అని అడిగి వెళ్లింది. నాలుగోరోజు షిమానో పొంతన పట్టిక తెరిచి చూస్తే సంగతి తెలిసింది. 2015లో వచ్చిన ఈ 4700కి పది గేర్లే అయినా, క్లిక్కుకి కేబుల్ లాగే పొడవు మాత్రం పదకొండు గేర్లవాటి లెక్క. పాత పది గేర్ల డిరైలర్‌తో దానికి ఎప్పటికీ కుదరదు. పదకొండు గేర్ల 105, అంటే 5800 డిరైలర్ సెకండ్ హ్యాండ్‌లో మూడువేలకి తెప్పించి వేశాను. పది నిమిషాల్లో అన్ని గేర్లూ చక్కగా పడ్డాయి. అమ్మినవాళ్ల తప్పేమీ లేదు, నేను అడగలేదు.

టైర్ల దగ్గర నా లెక్క నేనే మార్చుకున్నాను. మొదట రెండొందల గ్రాముల పోటీ టైర్లు వేశాను. గుంటకట్టల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు ఎట్లా ఉంటాయో తెలిసీ వేశాను. మొదటి వారంలో మూడు పంక్చర్లు. వాటిని తీసి, లోపల ముల్లుకి అడ్డుపొర ఉన్న 28 మి.మీ. టైర్లు వేశాను. జతకి నూట అరవై గ్రాములు పెరిగింది. పెరగనీ.

అన్నీ కలిపి 8.9 కిలోలు. ఖర్చు యాభై మూడు వేలు దాటింది, అందులో పనికిరాని డిరైలర్ పదిహేను వందలు. నాతో కలిపి చూస్తే తగ్గింది నూటికి ఎనిమిదే. ఆ ఎనిమిదికి కాళ్లు తేలిపోతాయనుకోకండి. నరసింహకొండ ఇప్పుడు దిగకుండా ఎక్కుతున్నాను, ఆయాసం మాత్రం అంతే. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒక చేతిలో సైకిల్, ఇంకో చేతిలో కూరగాయల సంచీ.

పెద్దాయనకి చూపించడానికి తీసుకెళ్లాను. చూపుడువేలు సీటు కింద పెట్టి లేపాడు. చుట్టూ తిరిగి చూసి, "స్టాండేది?" అన్నాడు. గోడకి ఆనించాను.

ఆ పాత డిరైలర్ ఇంకా మా ల్యాబు సొరుగులోనే ఉంది. 4700 కాకుండా పాత పది గేర్ల షిఫ్టర్లున్నవాళ్లు నెల్లూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే వెయ్యి రూపాయలకిచ్చేస్తాను. బరువు కావాలంటే తూచి చెప్తాను.