గల్లీ కుక్కకు కూడా ఫొటోనా అంటే...

మూగజీవాల కోసం చందా అడిగేవాళ్లు పెట్టే ఫొటోలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. పురుగులు పట్టిన పుండు, విరిగిన కాలు, సెలైన్ ఎక్కుతున్న కుక్కపిల్ల. వాళ్లను తప్పు పట్టను. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద బండి గుద్దిపోయిన కుక్కను అర్ధరాత్రి ఆటోలో వేసుకొచ్చేవాళ్లకు అందమైన ఫొటో ఎక్కడినుంచి వస్తుంది? కానీ రోజూ అవే చూస్తే జనం ఏం చేస్తారో మా ఇంట్లోనే చూస్తున్నా. మా అక్క వేలితో పైకి తోసేసి, "పొద్దుపొద్దున్నే గివి చూపియ్యకురా" అంటుంది. ఆమెకేం దయలేక కాదు, మా గేటు ముందు కుక్కలకు రోజూ అన్నం పెట్టేది ఆమే.

నేను పెళ్లి ఫొటోలు తీసేవాణ్ని. అందుకే పెళ్లిళ్లు లేని నెలల్లో వేరే పని పెట్టుకున్నా. షెల్టర్ నుంచి ఎవరింటికో వెళ్లి, కుదురుకుని, కాస్త ఒళ్లు చేసి, సోఫా మీద హక్కు సంపాదించిన కుక్కలకూ పిల్లులకూ ఫొటోలు తీస్తా. ఫీజు 500 రూపాయలు. అది నా ఖాతాలోకి రాదు, నేరుగా షెల్టర్ ట్రస్టు యూపీఐకి కొట్టి స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలు. ప్రింటు, ఫ్రేము కావాలంటే ల్యాబ్ వాడు తీసుకునేదే తీసుకుంటా. మన దగ్గర చందా అనగానే "ఎవరు తింటున్నరు?" అన్నదే మొదటి ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే, కాబట్టి మధ్యలో నేను లేకపోవడమే నయం. 80జీ, అంటే చందా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉన్న ట్రస్టయితే రసీదు కూడా ఇస్తుంది. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు అది పనికొస్తుంది, అయితే 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, ఫోన్‌లోనే పంపండి.

డబ్బంతా ఎక్కడికి పోతుందంటే ఎక్కువగా పార్వో అనే వైరస్ జబ్బుకి. పార్వో పట్టిన కుక్కపిల్లకు రోజుల తరబడి సెలైన్లు, ఇంజెక్షన్లు, పక్కన ఒక మనిషి, ఇంత చేసినా బతుకుతుందన్న గ్యారంటీ లేదు. అదే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ పోతే ఆ గోస చాలావరకు తప్పుతుంది. టీకా వేసుకుంటున్న పిల్ల ఫొటోకు మాత్రం ఎవరూ చందా ఇవ్వరు! దానికి డబ్బు రావాలంటే, ఆ టీకాలతో పెరిగి ఇప్పుడు ఆటో ముందు సీటులో డ్రైవర్ పక్కన దర్జాగా కూర్చున్న కుక్కను చూపించాలి. అలాంటిది నిజంగానే ఉంది, మా నల్గొండ క్లాక్ టవర్ వైపు తిరుగుతుంటుంది. దాని ఫొటో పెట్టిన రోజు మా అక్క కూడా పైకి తోయలేదు, పైగా తన స్నేహితురాళ్లందరికీ పంపింది.

చెవి గురించి ఒక మాట. "చెవి కొస కోసినట్టుంది, ఫొటోల మంచిగ చెయ్యరాదన్నా" అని చాలామంది అడుగుతారు. పెళ్లికూతురి మొటిమలు తీసేస్తా గానీ అది తీయను. ఆ గాటు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. వీధికుక్కల సంతానం అదుపు కోసం కేంద్రం పెట్టిన 2001 నాటి నిబంధనల స్థానంలో 2023లో వచ్చిన కొత్త నిబంధనలు కూడా వీధికుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటే వదలమంటాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెల 22న దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని తిరిగి వదలమంది. అప్పుడు హోటళ్ల దగ్గర అంత వాదించుకున్నాం గానీ, మన గల్లీ కుక్క చెవి వైపు చూసినవాళ్లు ఎంతమంది? అందుకే నా ఫొటోల్లో ఆ చెవి కనబడేలా కూర్చోబెడతా.

నల్ల కుక్కలతోనే అసలు టెన్షన్. కాలభైరవుడి వాహనమని రొట్టె పెట్టేవాళ్లున్నారు, ఇంటికి తీసుకుపోయేవాళ్లే తక్కువ. కెమెరా కూడా వాటికి అన్యాయమే చేస్తుంది. నలుపును చూసి వెలుతురు తక్కువైందనుకుని పెంచేస్తుంది, కుక్క బూడిద రంగులోకి వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, ఎండలో కాకుండా వాకిట్లో నీడపట్టున, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబెడితే వెంట్రుకల నిగనిగ తెలుస్తుంది, కళ్లలో చిన్న మెరుపు వస్తుంది. ఫ్లాష్ అసలు వద్దు, కళ్లు పచ్చగా వెలిగి దయ్యంలా కనిపిస్తాయి. ఇంకొకటి, నేలమీద పడుకుని తీయాలి. నిలబడి తీస్తే ఏ కుక్కయినా అడుక్కుంటున్నట్టే ఉంటుంది, మనం వదిలించుకోవాలనుకున్న ఫొటో మళ్లీ అదే.

మహబూబ్‌నగర్ నుంచి కూడా అడుగుతున్నారు. ఒకాయన పిల్లలమర్రి దగ్గరే తీయాలని పట్టుబట్టాడు. చెదలు పట్టిన ఆ మర్రిని కాపాడటానికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు కదా, "చెట్టుకు సెలైన్ పెట్టిన ఊరు సార్ మాది, కుక్కకు పెట్టలేమా" అన్నాడు. మాట బాగుంది గానీ అక్కడ జనం ఎక్కువ, కుక్క బెదురుతుంది. వాళ్ల కిరాణా కొట్టు ముందు, అది రోజూ పడుకునే బియ్యం బస్తాల పక్కనే తీద్దామని ఒప్పించా.

వచ్చే జనవరికి వీటన్నిటితో ఒక గోడ క్యాలెండర్ వేద్దామని ఉంది, పండుగల తేదీలతో పాటు టీకా రాసుకోవడానికి ఖాళీ గడులు పెట్టి. మీ ఇంట్లో అలా తెచ్చుకున్న కుక్కో పిల్లో ఉంటే రండి, ఎండాకాలమైతే పొద్దున ఏడింటిలోపే, ఆ తర్వాత మన నల్గొండ సిమెంటు రోడ్డు మీద వాటి పాదాలు కాలుతాయి. ముందురోజు స్నానం చేయించి పౌడర్ కొట్టకండి. కడుపు నిండా పెట్టి తేకండి, ఉడకబెట్టిన చికెన్ లివర్ నేనే తెస్తా, దానికోసమే అవి నా వైపు చూస్తాయి. అది పడుకునే పాత దుప్పటి ఉంటే ఉతక్కుండా తీసుకురండి.