ముద్దు సీన్‌కీ రిహార్సల్ ఉంటుంది

స్టేజీ మీద దగ్గరితనం ఉన్న సీన్ అంటే నాకెప్పుడూ టెన్షనే. "మీరిద్దరూ చూసుకోండి" అని డైరెక్టర్ వదిలేస్తే, చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక ఇద్దరం బిగుసుకుపోయేవాళ్ళం. ఈసారి ఇంటిమసీ కోఆర్డినేటర్, అంటే ఇలాంటి సీన్లను నటుల ఒప్పుదలతో కదలిక కదలికగా కుదిర్చేవారు, వచ్చారు. ముందు మాతో విడివిడిగా మాట్లాడి, ఎక్కడ తాకితే పర్వాలేదో, ఎక్కడ వద్దో రాసుకున్నారు. తర్వాత ఫైట్ కంపోజ్ చేసినట్టే అంతా లెక్క: చెయ్యి భుజం మీదికి, ఒక ఊపిరి, రెండు లెక్కపెట్టాక తల తిప్పడం. రిహార్సల్‌లో ముద్దుకు బదులు అరచేతులు కలిపితే చాలన్నారు. ఒప్పుకున్నదాన్ని కూడా ఏ రోజైనా వద్దనొచ్చట. ఆ మాటతో సగం భయం పోయింది.

ఇలా చేస్తే సహజత్వం పోతుందని గొణిగేవాళ్ళున్నారు. కత్తియుద్ధం గురించి ఎవరూ అలా అనరే! కదలికలు ఖాయమయ్యాకే నాకు నటన మీద ధ్యాస కుదిరింది.

అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీఓ 2018లోనే ఇలాంటి సీన్లున్న తన షోలన్నిటికీ కోఆర్డినేటర్‌ను పెడతామంది. అమెరికా నటుల యూనియన్ 2020లో ఈ కోఆర్డినేటర్ల పనికి మార్గదర్శకాలు ఇచ్చింది. షూటింగుల్లో అయితే ఒంటి రంగు బట్టలు, మధ్యలో పల్చటి ప్యాడ్లు వాడతారు. పని లేనివాళ్ళంతా సెట్ బయటికే. మానిటర్ దగ్గర ఊరికే నిలబడే అలవాటున్నవాళ్ళకి ఇది నచ్చదనుకోండి.