కలకత్తా తోటల్లో సామర్లకోట డాక్టరు

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరా వెళ్ళడం లేదు, షాలిమార్‌లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి వెళ్ళాలంటే టాక్సీవాళ్ళు చెప్పే రేటు వినగానే మళ్ళీ రైలెక్కి వెనక్కి వచ్చేద్దామనిపిస్తుందని చాలామంది తిట్టుకుంటారు. నాకు మాత్రం అదే కలిసొచ్చింది. ఎందుకంటే నేను కోల్‌కతాలో మొట్టమొదట చూడాలనుకున్న బొటానికల్ గార్డెన్ నదికి ఇవతల, హౌరా వైపు, శిబ్‌పూర్‌లో ఉంది. షాలిమార్ నుంచి దగ్గరే. రాజమండ్రిలో సాయంత్రం ఎక్కి తెల్లారి ఖరగ్‌పూర్ దాటేదాకా బోగీలో తెలుగు వినిపిస్తూనే ఉంది. ఖరగ్‌పూర్‌లో దిగినవాళ్ళలో సగంమంది రైల్వే ఉద్యోగాలతో తాతల కాలంలోనే అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్ళే.

నాతో మా బావ వచ్చాడు. ఆయన లెక్కలో కోల్‌కతా అంటే కాళీఘాట్, దక్షిణేశ్వర్, రసగుల్లా. నా లెక్కలో తోటలు, పాత బిల్డింగులు. "గుళ్ళు చూపించకుండా చెట్లు చూపిస్తానంటే మీ అక్కకి ఫోన్ చేసి చెప్పేస్తాను" అని రైల్లోనే వార్నింగ్ ఇచ్చాడు. గుళ్ళు రెండూ చూశాం, ఆ క్యూల గురించి మీ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

శిబ్‌పూర్ తోట ఎందుకంటే, దాని వెనక మా వైపు కథ ఒకటుంది. మాది సామర్లకోట దగ్గర. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1776లో మద్రాసు వచ్చాడు, 1781లో సామర్లకోటలో దండుకి డాక్టరుగా చేరాడు. రోగుల్ని ఎంతమందిని చూశాడోగానీ మొక్కల్ని మాత్రం వదల్లేదు. అక్కడే తోట వేసి మిరియాలు, నీలిమందు లాంటివి పెంచి చూశాడు, మన చిత్రకారుల చేత వందల మొక్కల బొమ్మలు వేయించాడు, ఒక్కో మొక్కని స్థానికులు ఏమని పిలుస్తారో అడిగి ఆ తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అవే తర్వాత 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మూడు సంపుటాల పుస్తకంగా లండన్‌లో అచ్చయ్యాయి, మొదటిది 1795లో మొదలైంది. బీడీలు చుట్టే తునికాకు చెట్టు శాస్త్రీయ నామం చూడండి, చివర 'రాక్స్‌బ్' అని ఉంటుంది, అది ఈయనే. 1793లో ఆయన్ని కలకత్తా తోటకి సూపరింటెండెంటుగా పంపారు. ఆ తోటే ఇది. సామర్లకోటలో ఆయన పేరు తెలిసినవాళ్ళు నాకు తగల్లేదు. ఇక్కడ మాత్రం తోటలో ఆయనకో స్మారకమే కట్టారు. రాక్స్‌బర్గ్ ఉన్న ఇల్లు కూడా తోటలోనే ఉంది.

తోట 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడు. దాదాపు 270 ఎకరాలు. 2009 నుంచి జగదీశ్ చంద్రబోస్ పేరుతో ఉంది. టిక్కెట్టు తక్కువే. లోపల బ్యాటరీ బళ్ళు తిరుగుతాయి గానీ ఎక్కొద్దనే చెప్తాను, ఆ నడకలోనే ఉంది అంతా. రోడ్డుకి రెండువైపులా తాటిజాతి చెట్ల వరసలు, మధ్యమధ్యలో చెరువులు, వాటిలో పెద్ద పళ్ళేల్లా అంచులు పైకి లేచిన అమెజాన్ కలువ ఆకులు. హారన్ వినపడకుండా గంటసేపు నడవొచ్చు, పక్కనే హౌరా ఉందంటే నమ్మబుద్ధి కాదు. అక్కడక్కడా కూలిన చెట్ల మొదళ్ళు కనిపించాయి. 2020లో అంఫన్ తుపాను ఈ తోటని బాగా దెబ్బతీసింది.

ఇక మహా మర్రి. అందరూ దీనికోసమే వస్తారు. 250 ఏళ్ళకి పైబడిన చెట్టు, ఊడలు మూడు వేలకి పైనే. విచిత్రమేంటంటే అసలు మాను లేదు. 1860ల్లో వచ్చిన రెండు తుపాన్లకి దెబ్బతిని, తర్వాత బూజు పట్టి కుళ్ళిపోతే 1925లో కోసి తీసేశారు. అయినా చెట్టు చావలేదు, ఊడల మీదే బతుకుతూ పక్కకి పాకుతూనే ఉంది. చుట్టూ వేసిన రోడ్డుని కూడా దాటేసింది. దూరం నుంచి చూస్తే చెట్టు అనిపించదు, చిన్నపాటి అడవే అనుకుంటాం. మా బావ కాసేపు చుట్టూ తిరిగొచ్చి, "మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దీనికంటే పెద్దది, గిన్నిస్‌లో కూడా ఎక్కింది" అని తేల్చేశాడు. నిజమే, 1989లోనే ఎక్కింది. కానీ అది చూడ్డానికి ఆయన ఇంతవరకూ వెళ్ళలేదు, ఆ సంగతి నేనడగలేదు.

మర్నాడు ఊళ్ళోకి మెట్రోలో వెళ్ళాం. హౌరా నుంచి హుగ్లీ నది కిందుగా వెళ్ళే లైను 2024లో మొదలైంది. నది కింద 520 మీటర్ల సొరంగం 45 సెకన్లలో దాటేస్తుందని ముందే చదివాను కాబట్టి సెకన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను, బావ కిటికీ బయట చేపలు కనపడతాయేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. సొరంగం గోడకి నీలం లైట్లు తప్ప ఏమీ లేవు.

మహాకరణ్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా రైటర్స్ బిల్డింగ్. ఎర్రగా, పొడుగ్గా ఉంటుంది. కంపెనీ గుమాస్తాల్ని 'రైటర్లు' అనేవాళ్ళు, వాళ్ళకోసం 1777లో కట్టడం మొదలుపెట్టారు. సెక్రటేరియట్ 2013లో హౌరాకి మారిపోయింది, ఇప్పుడు రిపేర్ల పేరుతో గేటు దగ్గరే ఆపేస్తున్నారు. బయటి నుంచి చూసిందే చూడ్డం. మామూలుగా ఈ భవనం దగ్గర చెప్పే కథ 1930 డిసెంబరు 8ది. బినయ్, బాదల్, దినేశ్ అనే ముగ్గురు కుర్రాళ్ళు సూటూబూటూ వేసుకుని లోపలికి వెళ్ళి జైళ్ళ ఐజీ సింప్సన్‌ని కాల్చేశారు. ఈ భవనం ముందున్న డల్హౌసీ స్క్వేర్ పేరు మార్చి వాళ్ళ పేర్లే పెట్టారు, బి.బి.డి. బాగ్ అంటే అదే.

నాకు మాత్రం అక్కడ నిలబడితే సి.పి. బ్రౌన్ గుర్తొచ్చాడు. తెలుగు నిఘంటువు బ్రౌన్ పుట్టింది కడపలో కాదు, మద్రాసులో కాదు, ఈ కలకత్తాలో, 1798లో. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఇక్కడ పాదిరీ, 1800లో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీకి ప్రొవోస్టు, అంటే అధిపతి. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్ళకి మన దేశ భాషలు నేర్పే ఆ కాలేజీ కొంతకాలం ఈ రైటర్స్ బిల్డింగ్‌లోనే నడిచింది. అంటే ఆ పిల్లాడు ఈ చుట్టుపక్కలే ఎక్కడో పెరిగి ఉంటాడు. బావకి ఇది చెప్తే మొదటిసారి ఆసక్తిగా తలెత్తి చూశాడు. వేమన పద్యాలు వెతికి అచ్చు వేయించిన మనిషి అనగానే "ఆయనా? మరి బోర్డేది?" అన్నాడు. మాకైతే కనపడలేదు.

ఎదురుగా లాల్ దిఘీ అనే చెరువు, దాని అవతల జనరల్ పోస్టాఫీసు, 1868లో పూర్తయింది. తెల్లటి గుమ్మటం, బారులు తీరిన స్తంభాలు. కంపెనీ వాళ్ళ పాత ఫోర్ట్ విలియం కోట ఉన్న చోటే దీన్ని కట్టారు. ఇది ఇంకా పనిచేస్తున్న పోస్టాఫీసు, అది నాకు నచ్చింది. మెట్ల మీద మనియార్డరు ఫారాలు నింపిపెట్టేవాళ్ళ కాలం పోయినా లోపల కౌంటర్ల దగ్గర జనం ఉన్నారు. అక్కణ్ణుంచి నడిచి సెయింట్ జాన్స్ చర్చి. 1787 నాటిది, ఆవరణ అంతా చెట్లు, ఆఫీసుల మధ్య అంత నిశ్శబ్దం ఎలా మిగిలిందో తెలియదు. కలకత్తాలో కంపెనీ స్థావరం పెట్టిన జాబ్ చార్నాక్ సమాధి అక్కడే ఉంది. ఆ సమాధికి వాడిన నల్లరాయికే భూగర్భ శాస్త్రంలో 'చార్నొకైట్' అని ఆయన పేరు పెట్టారు. రాయి మద్రాసు పల్లావరం నుంచి తెచ్చింది, మన తూర్పు కనుమల్లోనూ ఇది కావలసినంత ఉంది.

విక్టోరియా మెమోరియల్ గురించి ఏం రాయాలి, ఫొటోలు మీరు చూసే ఉంటారు. 1901లో రాణి పోయాక వైస్రాయి కర్జన్‌కి వచ్చిన ఆలోచన. 1906లో శంకుస్థాపన, తలుపులు తెరిచేసరికి 1921. ఈలోపు 1911లో రాజధానిని ఢిల్లీకి మార్చేస్తున్నట్టు ప్రకటించేశారు. రాజధాని కాని ఊళ్ళో రాజ్యం గొప్పతనం చాటే కట్టడం మిగిలింది, అదీ మన సంస్థానాధీశులు, జనం ఇచ్చిన చందాలతో. తాజ్‌మహల్‌కి వాడిన మక్రానా పాలరాయే ఇక్కడా. లోపలి మ్యూజియంలో జనం తోసుకుంటుంటే నాకు అరగంటలో ఊపిరాడలేదు. చుట్టూ ఉన్న 64 ఎకరాల తోటకి విడిగా టిక్కెట్టు ఉంది, చాలామందికి అదే సరిపోతుందని నా అభిప్రాయం. చెరువు గట్టున బెంచీ చూసుకుని కూర్చోవచ్చు. ప్రతి పొద చాటునా ఒక గొడుగు, ఆ గొడుగు కింద ఒక జంట. ఎండ లేదు, వాన లేదు. "మనం ఇటు తిరిగి కూర్చుందాం రా" అన్నాడు బావ.

దానికి ఎదురుగా మైదాన్. ఊరి నడిబొడ్డున అంత ఖాళీ స్థలం ఉందంటే అది పార్కు కోసం వదిలింది కాదు. 1757లో ప్లాసీ యుద్ధం అయ్యాక కొత్త ఫోర్ట్ విలియం కడుతూ, కోట మీంచి ఫిరంగి పేలిస్తే గుండుకి ఏదీ అడ్డు రాకూడదని అక్కడున్న అడవిని, ఊరిని తీసేసి చదును చేశారు. అలా ఫిరంగి కోసం ఖాళీ చేసిన నేల మీద ఇప్పుడు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, మేకలు మేస్తున్నాయి, ఝాల్‌ముడీ (కారం మరమరాలు) బండివాడు ఆవనూనె ఘాటుతో దారిన పోయేవాళ్ళని ఆపుతున్నాడు. స్థలం ఇప్పటికీ సైన్యం చేతిలో ఉండబట్టే అపార్ట్‌మెంట్లు లేవలేదు. మన ఊళ్ళలో చెరువులకి కూడా ఇలా ఎవరైనా కాపలా ఉండి ఉంటే బాగుండేది. ఆ చివర ఈడెన్ గార్డెన్స్ అంటే అందరికీ స్టేడియమే తెలుసు గానీ పక్కన అసలు తోట ఉంది, అందులో 1850ల్లో బర్మా నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన చెక్క పగోడా ఉంది. యుద్ధంలో గెలిచి తెచ్చుకున్న సొత్తు అది.

పార్క్ స్ట్రీట్ శ్మశానం దగ్గర బావ గేటు బయటే ఆగిపోయాడు. "ఇంతదూరం వచ్చి శ్మశానమేంట్రా, పైగా టిక్కెట్టు పెట్టి!" కానీ లోపలికి వచ్చాక ఆయనే ముందు నడిచాడు. 1767లో మొదలైన చోటు. పిరమిడ్లు, గుమ్మటాలు, స్తంభాల మండపాలు, అన్నిటి మీదా నాచు, పైన చెట్ల గుబురు, నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. పలకలు చదువుకుంటూ పోతే పాతికేళ్ళు నిండనివాళ్ళు ఎంతమందో, పురిట్లో పోయినవాళ్ళు, నెలల పిల్లలు. మలేరియా, కలరా. డబ్బు కోసం ఇంతదూరం వచ్చి రెండు వర్షాకాలాలు చూడకుండానే పోయేవాళ్ళట చాలామంది. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకీ చుట్టరికం ఉందని చెప్పిన విలియం జోన్స్‌ది అన్నిటికంటే ఎత్తైన స్తంభం. 'హిందూ స్టూవర్ట్' అని పిలిచిన దొర సమాధి అచ్చం చిన్న గుడిలా ఉంటుంది. శిబ్‌పూర్ తోట వేసిన రాబర్ట్ కిడ్ కూడా ఇక్కడే. తన తోటలోనే పూడ్చమని కోరుకున్నాడట, వినలేదు.

నేను వెతికింది కాలిన్ మెకంజీ కోసం. మన ఊళ్ళ కైఫీయతులు, అంటే ఊరి చరిత్రల రాతలు, సేకరించిన కల్నల్. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి తోడు లేకపోతే ఆయనకి మన ఊరి కరణాలు నోరు విప్పేవాళ్ళు కాదు. అమరావతి స్తూపం సంగతి లోకానికి తెలిసింది కూడా 1798లో ఆయన అక్కడికి వెళ్ళాకే. తర్వాత సర్వేయర్ జనరల్ అయి, 1821లో కలకత్తాలో పోయాడు, పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి చేశారని చదివి వెళ్ళాను. చాలా పలకల మీద అక్షరాలు చెరిగిపోయాయి, ఆయనది మాకు దొరకలేదు. కాపలా ఆయన్ని అడిగితే మెకంజీ ఎవరో తెలియదు, జోన్స్ సమాధి వైపు చెయ్యి చూపించాడు, వచ్చేవాళ్ళంతా అదే అడుగుతారు మరి. ఈలోగా దోమలు మమ్మల్ని కనిపెట్టేశాయి.

చివరి సాయంత్రం ప్రిన్సెప్ ఘాట్. విద్యాసాగర్ సేతు కింద, నది ఒడ్డున తెల్లటి స్తంభాల మండపం, 1840ల్లో జేమ్స్ ప్రిన్సెప్ పేరుతో కట్టారు. టంకశాలలో పనిచేస్తూ 1837లో బ్రాహ్మీ లిపి చదివినవాడు ఈయన. కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీది అశోకుడి మాటలు మనం చదవగలుగుతున్నామంటే ఆ మనిషి పుణ్యమే. మట్టి కప్పుల్లో టీ తాగుతూ ఇదంతా చెప్తుంటే బావ, "దొరల్ని పొగడ్డానికి ఇంతదూరం తీసుకొచ్చావా?" అన్నాడు. అది కాదు. మన ఊళ్ళు దోచినవాళ్ళ కొలువులోనే మన మొక్కల పేర్లు, మన ఊళ్ళ కథలు రాసిపెట్టినవాళ్ళూ ఉన్నారు, జీతం ఇచ్చింది మాత్రం ఇద్దరికీ ఒకే కంపెనీ. వాళ్ళకి చెప్పిన మనవాళ్ళ పేర్లు మాత్రం ఏ మండపం మీదా లేవు. బొర్రయ్య పేరు మీద కనీసం ఏలూరులో ఒక వీధి అయినా ఉండాలి కదా అంటే, బావ ఆ మాట ఒప్పుకున్నాడు.

వెళ్ళేవాళ్ళకి ఒకటి రెండు ముక్కలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. సోమవారం మ్యూజియంలు మూత, ఆ రోజు ఘాట్లకీ డల్హౌసీ వైపు నడకకీ వాడుకోవచ్చు. శిబ్‌పూర్ తోటకి పొద్దున్నే వెళ్ళండి, పూట మొత్తం పడుతుంది. ఓపిక ఉంటే లోకల్ రైలెక్కి శ్రీరాంపూర్ కూడా వెళ్ళొచ్చు, 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది అక్కడే, మాకు కుదర్లేదు. శ్మశానానికి మాత్రం ఓడోమాస్ రాసుకుని ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని వెళ్ళండి.