సాక్సులేసుకుంటే మొక్కు చెల్లుతుందా?

పదకొండు దాటింది. నిద్ర రావడం లేదు.

పొద్దున అమ్మను షుగర్ అవగాహన సదస్సుకు తీసుకెళ్లాను, మా వీధి చివర కల్యాణ మండపానికే. రాత్రి సంగటి కెలుకుతుంటే అడిగింది: "సాక్సులేసుకొని కొండెక్కితే మొక్కు చెల్లతాదా?" పెరటాసి శనివారం ఒట్టి కాళ్లతో అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకుంది కదా. "అక్కడే అడగాల్సింది కదమ్మా" అని విసుక్కున్నాను. "యాడ అడిగేది? ఆ డాక్టరు మాటలు ఆపితే గదా!"

అప్పట్నుంచీ అదే ఆలోచన.

డాక్టర్ గారు గంటంపావు మాట్లాడారు. క్లోమం బొమ్మ, ఇన్సులిన్ బొమ్మ. హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుందని, చాలామందికి 7 శాతం లోపు ఉంటే మంచిదని. అన్నీ సరైన మాటలే. కానీ అన్నం తగ్గించమన్నారే తప్ప ఎంతకు తగ్గించాలో ఒక గిన్నె పట్టుకుని చూపించలేదు. రాగి మంచిదని మా ఇళ్లలో రెండేసి ముద్దలు తింటారు, అదీ పిండిపదార్థమే. ముద్ద ఎంతుండాలో చెప్పొద్దా? "ఒట్టి కాళ్లతో నడవొద్దు" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి బొమ్మకు వెళ్లిపోయారు. తిరుపతిలో ఆ మాట అలా చెప్పి వదిలేస్తే ఎలా? చివర్లో ప్రశ్నలకు ఐదు నిమిషాలు. తర్వాత ఒక కాగితం: హాలు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, ప్రసంగం ఎలా ఉంది. రెండొందల మంది వచ్చారని మైకులో ప్రకటించి ఫొటో తీసుకున్నారు. ఆ రెండొందల మందిలో ఎవరికి ఏం అర్థమైందో ఎవరూ అడగలేదు. నేనూ "చాలా బాగుంది" దగ్గర టిక్కు పెట్టి వచ్చాను.

పెదనాయన గుర్తొస్తున్నాడు. నేను తొమ్మిదో తరగతి. మే నెల ఎండ. అలిపిరి నుంచి నడిచే వచ్చాం. పైన మాడ వీధిలో బండలు కాలిపోతుంటే పిల్లలం గెంతుతూ నీడకు పరిగెత్తాం. పెదనాయన మాత్రం నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. "స్వామి దయ, నాకు సెగే తగల్లేదు" అన్నాడు. అందరం నమ్మాం. నాకైతే గర్వంగా కూడా ఉండింది. మూడో రోజు పెద్దమ్మ దుప్పటి మీద తడి చూసింది. అరికాల్లో బొబ్బ పగిలి చీము పట్టింది. చివరికి రెండు వేళ్లు తీసేశారు. నరాలు దెబ్బతిని స్పర్శ పోయిందని అప్పుడు తెలిసింది. పన్నెండేళ్లు షుగర్ ఉన్న మనిషి. కాళ్లు జాగ్రత్త అని అందరూ చెప్పారు. ఆ అరికాలు ఎత్తి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక్కడిదాకా రాసి మళ్లీ చదివితే డాక్టర్ గారికి అన్యాయం చేస్తున్నానేమో అనిపిస్తోంది. ఆదివారం పూట పైసా తీసుకోకుండా వచ్చారు. కొంచెం తక్కువ మాట్లాడండి అని ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? బ్రిటన్‌లో డెస్మండ్ అనే షుగర్ శిక్షణ ఉంది. అక్కడ పాఠం నడుస్తుండగా ప్రతి 10 సెకన్లకు ఎవరు మాట్లాడుతున్నారో గుర్తు పెట్టుకున్నారు. చెప్పేవాళ్లు తక్కువ మాట్లాడినచోట, తమ జబ్బు గురించి జనం అనుకునేది ఎక్కువగా మారిందని 2008లో రాశారు. దానికి పెద్ద ఖర్చేం కాదు. వెనక కుర్చీలో ఒక మనిషి గడియారం పట్టుకుని కూర్చుంటే చాలు. అలా ఎవరైనా కూర్చుని ఉంటే నా సంగతీ రాసుకునేవాళ్లు. అమ్మ ఏదో అనబోతే "ష్, విను" అన్నది నేనే.

నేను భోజనం టోకెన్ల దగ్గర ఉన్నప్పుడు వరండాలో ఒక నర్సమ్మ అమ్మ కాళ్లు చూసిందట. కళ్లు మూసుకోమని, నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి, తగిలితే చెప్పమందట. అది వంగేదాకా ఒత్తితే పడేది 10 గ్రాముల బరువే. అమ్మకు కుడి బొటనవేలి కింద తగల్లేదు. నర్సమ్మ చీటీ మీద ఆ చోట గుండ్రం చుట్టి ఇచ్చింది. సాక్సుల ప్రశ్న అక్కడినుంచి పుట్టింది. పొద్దుటి సదస్సులో అమ్మ ఇంటికి తెచ్చుకున్నది ఆ చీటీ ఒక్కటే. క్లోమం మాట కూడా ఎత్తలేదు. నర్సమ్మ అలా ఒక ఇరవై మందిని చూసేసరికి భోజనాలకు పిలిచేశారట.

మొక్కు సంగతి నాకు తెలీదు. తెల్లారకముందే మెట్లెక్కడం మొదలుపెట్టి ఎండ ముదరకముందే పైకి చేరితే ఫర్వాలేదా, అసలు ఎక్కొచ్చా అని రేపు ఆ నర్సమ్మనే వెతుక్కుని అడగాలి. ఈసారి అమ్మే అడుగుతుంది.

ఇప్పుడే లేచి వెళ్లాను. అమ్మ కాళ్లు దుప్పటి బయటికున్నాయి. ఫోన్ లైటు వేసి రెండు అరికాళ్లూ చూశాను. కుడి మడమ దగ్గర చిన్న పగులు ఉంది.