హనా, దుల్, సెత్, నెత్, దసొత్

మా పాపని టైక్వాండో అనే కొరియా యుద్ధవిద్యలో చేర్పించి తీసుకెళ్ళడం తీసుకురావడం చేస్తూ చేస్తూ పోయిన నెల నేను కూడా చేరిపోయాను, ఇప్పుడు ఇంట్లో మెట్లెక్కేటప్పుడు కూడా హనా దుల్ సెత్ అని కొరియన్‌లోనే లెక్కపెడుతున్నా. సార్ ‘చార్యొత్’ అంటే నిటారుగా నిలబడాలి, ‘క్యొంగ్నే’ అంటే వంగి నమస్కారం, ‘జున్బి’ అంటే రెడీ, ‘షిజాక్’ అంటే మొదలుపెట్టమని. డ్రెస్‌ని దోబొక్ అంటారు, నేర్చుకునే చోటు దోజాంగ్. అసలు టైక్వాండో అనే పేరులోనే అర్థం ఉంది, టే అంటే కాలు, క్వాన్ అంటే పిడికిలి, డో అంటే దారి.

నిన్న క్లాస్ మధ్యలో నా బెల్ట్ ముడి ఊడిపోయింది, అక్కడే కట్టుకోబోతుంటే పక్కనున్న పిల్ల, పదేళ్ళుంటాయేమో, ‘ఆంటీ, సార్ వైపు తిరిగి కట్టుకోకూడదు, వెనక్కి తిరగాలి’ అని మెల్లగా చెప్పి తనే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు కొసలూ సమానంగా లాగి చూసి మరీ కట్టింది. టైక్వాండోలో ఐదు సూత్రాలు చెప్తారు, మర్యాద, నిజాయితీ, ఓర్పు, నిగ్రహం, ఓటమికి లొంగని మనసు, అందులో మర్యాదే ముందెందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. కొరియన్‌లో ఓర్పుని ‘ఇన్నే’ అంటారు, ఆ మాట నాకు భలే నచ్చింది, రేపటికి కిక్ కొంచెం పైకి లేస్తే చాలు.